స్కెచ్‌లో ముందే పెట్టుకున్న పాయింట్ల మీదే రంధ్రాలు రావాలంటే ఏం చేయాలి?

బేస్‌ప్లేట్:

అందరికీ నమస్కారం. బాలానగర్‌లో ఫిక్స్చర్లు (మెషిన్ మీద పనిముక్కను కదలకుండా పట్టే అమరికలు) తయారుచేసే ఒక చిన్న వర్క్‌షాపులో డిజైన్ పని చేస్తున్నాను. ఇన్వెంటర్ అనే క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ చేసే) సాఫ్ట్‌వేర్ వాడతాం. ఇప్పుడు 320 × 200 × 25 మి.మీ. స్టీలు ప్లేటు ఒకటి మోడల్ చేస్తున్నాను. మొదటి స్కెచ్‌లోనే ప్లేటు ఆకారం గీసి, లోపల రంధ్రాలు రావలసిన చోట్లన్నీ పాయింట్లు పెట్టి, కొలతలు కూడా ఇచ్చేశాను. క్లాంపులకు ఎం8 ట్యాప్ రంధ్రాలు (లోపల మర కోసినవి) ఎనిమిది, డోవెల్ పిన్నులకు (రెండు ప్లేట్లను సరైన స్థానంలో నిలిపేవి) 8 మి.మీ. రంధ్రాలు రెండు, ప్లేటును మెషిన్ టేబుల్‌కు బిగించే ఎం10 అలెన్ బోల్టులకు కౌంటర్‌బోర్ రంధ్రాలు (బోల్టు తల లోపలికి దిగేలా పైభాగం వెడల్పు చేసినవి) నాలుగు.

స్కెచ్‌ను ఎక్స్‌ట్రూడ్ చేయగానే (మందం ఇచ్చి ఘనంగా మార్చగానే) ఆ పాయింట్లన్నీ కనిపించకుండా పోయాయి. హోల్ కమాండ్ తెరిచి ప్లేటు పైముఖం మీద క్లిక్ చేస్తే అక్కడ కొత్త పాయింటు పుడుతోంది. నేను పెట్టుకున్నవాటిని మాత్రం పట్టుకోవడం లేదు. కొలతలన్నీ మళ్లీ మొదటి నుంచి ఇవ్వాల్సిందేనా? వృత్తాలు గీసి కట్ చేసేస్తే సరిపోతుంది కదా అని పక్క సీటు మిత్రుడు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

సెంటర్‌పంచ్:

ఒప్పుకోకండి. మీరు సగం పని సరిగ్గానే చేశారు, దాన్ని వదులుకోవద్దు.

స్కెచ్ ఎక్కడికీ పోలేదు. ఎక్స్‌ట్రూడ్ దాన్ని వాడుకుంది కాబట్టి అది ఆ ఫీచర్ కిందికి చేరి కనబడకుండా ఉంది. ఎడమవైపు బ్రౌజర్‌లో ఎక్స్‌ట్రూజన్ పేరు పక్కనున్న గుర్తు నొక్కి విప్పండి, లోపల స్కెచ్ ఉంటుంది. దాని మీద కుడి క్లిక్ చేసి ‘షేర్ స్కెచ్’ ఎంచుకోండి. అదే స్కెచ్ ఇప్పుడు ఎక్స్‌ట్రూజన్ పైన కూడా కనిపిస్తుంది, దాని పాయింట్లను ఇంకెన్ని ఫీచర్లకైనా వాడుకోవచ్చు. హోల్ కమాండ్ తెరిచి, ముఖం మీద కాకుండా నేరుగా పాయింట్ల మీదే క్లిక్ చేయండి.

ఇంకొక సంగతి చాలామందిని తికమక పెడుతుంది. ఇన్వెంటర్ స్కెచ్‌లో పాయింట్లు రెండు రకాలు. మామూలు స్కెచ్ పాయింటు ఒకటి, రంధ్రాల కోసమే ఉద్దేశించిన సెంటర్ పాయింటు ఇంకొకటి. హోల్ కమాండ్ తనంతట తాను పట్టుకునేది సెంటర్ పాయింట్లనే. మామూలు పాయింట్లు, గీతల చివరలు, వృత్తాల కేంద్రాలు కావాలంటే మీరే ఒక్కొక్కటిగా ఎంచుకోవాలి. స్కెచ్‌ను ఎడిట్ చేసి, పాయింట్లను ఎంచుకుని, ఫార్మాట్ ప్యానెల్‌లో ‘సెంటర్ పాయింట్’ బటన్ నొక్కితే రకం మారుతుంది, కొలతలు చెక్కుచెదరవు. మీకు మూడు రకాల రంధ్రాలు ఉన్నాయి కాబట్టి ఎం8 పాయింట్లు ఎనిమిదింటినీ సెంటర్ పాయింట్లుగా మార్చి, మిగతా ఆరింటినీ మామూలుగా ఉంచడం మంచిది. లేదంటే పద్నాలుగూ ఒకేసారి ఎంపికైపోయి, అక్కర్లేనివాటిని కంట్రోల్ నొక్కి ఒక్కొక్కటే తీసేయాల్సి వస్తుంది.

వీఎంసీ_విశాఖ:

వృత్తం గీసి కట్ చేస్తే చాలన్న మాటకు మెషిన్ మీద నిలబడేవాడిగా నేను జవాబు చెప్పాలి.

ఎం8కి పిచ్ (మర చుట్ల మధ్య దూరం) 1.25, అందువల్ల ట్యాప్‌కు ముందు వేసే డ్రిల్ 6.8. మీరు 6.8 వృత్తం గీసి కట్ చేశారనుకోండి. ఆ మోడల్ నుంచి తీసిన డ్రాయింగ్‌లో హోల్ నోట్ పెడితే వ్యాసం 6.8 అని వస్తుంది. నేను 6.8 డ్రిల్లు వేసి ప్లేటు దించేస్తాను. ట్యాప్ ఉందని నాకు ఎవరు చెప్పాలి? హోల్ ఫీచర్‌తో చేస్తే ఎం8 × 1.25, ట్యాప్ లోతు, డ్రిల్ లోతు అన్నీ నోట్‌లోకి వాటంతటవే వస్తాయి. డిజైనర్ చేత్తో టైపు చేసిన నోట్ మీద నాకు నమ్మకం తక్కువ. తర్వాత మోడల్ మారితే ఆ నోట్ మారదు.

డోవెల్ సంగతి ఇంకా ముఖ్యం. దానికి 8 హెచ్7 అనే కొలత హద్దు కావాలి, అంటే వ్యాసం 8.000 నుంచి 8.015 వరకే. నేను 7.8 డ్రిల్లు వేసి, ఆ తర్వాత రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే పనిముట్టు) వేస్తాను. ఊరికే 8 వ్యాసం అని రాసి పంపితే 8 డ్రిల్లే వేస్తారు, పిన్ను వదులుగా ఆడుతుంది. ఆ ప్లేటు ఇక దేనికీ పనికిరాదు.

బేస్‌ప్లేట్:

సెంటర్‌పంచ్ గారూ, షేర్ స్కెచ్ పనిచేసింది. ఎం8 ఎనిమిదీ ఒక్కసారే వచ్చాయి, డోవెల్ రంధ్రాలు కూడా వచ్చాయి. వీఎంసీ గారి మాట మా మిత్రుడికి చూపించాను, ఒప్పుకున్నారు.

కానీ ఎం10 దగ్గర ఆగిపోయాను. కౌంటర్‌బోర్ ప్లేటు అడుగు వైపు వస్తోంది. దిశ తిప్పితే రంధ్రమే మాయమవుతోంది. ఇప్పుడు చూస్తే ఎం8 కూడా అడుగు నుంచే మొదలైనట్టున్నాయి. ప్లేటు ఈ వైపు నుంచి ఆ వైపు దాకా వెళ్లే రంధ్రాలు కాబట్టి నా కంటికి ఆనలేదు.

సెంటర్‌పంచ్:

మీ స్కెచ్ ఎక్స్-వై తలం మీద ఉంది, ప్లేటును పైకి 25 ఎక్స్‌ట్రూడ్ చేశారు. కాబట్టి స్కెచ్ ప్లేటు అడుగున ఉంది. పాయింటు నుంచి చేసే రంధ్రం ఆ స్కెచ్ తలం దగ్గరే మొదలవుతుంది. ప్లేటు పైముఖం ఎక్కడుందో ఆ పాయింటుకు తెలియదు. దిశ తిప్పితే అడుగు నుంచి కిందికి, అంటే లోహం లేని వైపు వెళ్తుంది. అందుకే మాయమైంది.

దారులు రెండున్నాయి. మొదటిది, పైముఖం మీద కొత్త స్కెచ్ తెరిచి, పాత స్కెచ్‌లోని పాయింట్లను ‘ప్రాజెక్ట్ జామెట్రీ’తో దాని మీదికి తెచ్చుకోవడం. అలా తెచ్చిన పాయింట్లు అసలువాటితో ముడిపడి ఉంటాయి. కింద కొలత మారిస్తే పైన కదులుతాయి. పైన మళ్లీ కొలతలు ఇవ్వకండి. కొలత ఒక్కచోటే ఉండాలి. ఈ చర్చలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే. ఒక రంధ్రం స్థానం రెండు చోట్ల రాసి ఉంటే, ఏదో ఒక రోజు ఆ రెండూ వేరవుతాయి.

రెండో దారి నాకు ఎక్కువ ఇష్టం. ఎక్స్‌ట్రూజన్‌ను ఎడిట్ చేసి దిశను కిందికి తిప్పేయండి. అప్పుడు ఎక్స్-వై తలమే ప్లేటు పైముఖం అవుతుంది. ప్రొజెక్షన్ అక్కర్లేదు, కొత్త స్కెచ్ అక్కర్లేదు. మీరు ముందే చేసిన రంధ్రాలకు దిశ ఒకసారి సరిచూసుకోండి, అంతే. ఎం10 అలెన్ బోల్టు తల వ్యాసం 16, ఎత్తు 10. కౌంటర్‌బోర్ 18 వ్యాసం, 11 లోతు ఇస్తే తల లోపలికి దిగి కూర్చుంటుంది. కింద రంధ్రం 11.

వీఎంసీ_విశాఖ:

రెండో దారికే నా ఓటు. మేం ప్లేటు పైముఖాన్నే జెడ్ సున్నాగా (లోతు కొలవడం మొదలయ్యే చోటుగా) పట్టుకుంటాం. మోడల్‌లో కూడా పైముఖమే సున్నా అయితే ప్రోగ్రాం రాసేటప్పుడు, చదివేటప్పుడు అందరికీ ఒకటే లెక్క. మైనస్ 11 అంటే 11 లోతు. పైకి ఎక్స్‌ట్రూడ్ చేసిన మోడల్ వస్తే సున్నాను మేమే మార్చుకుంటాం, పెద్ద కష్టమేమీ కాదు. కానీ 25 కలపడం, తీసేయడం దగ్గర పొరపాటు జరిగే అవకాశాన్ని ఎందుకు పెట్టుకోవాలి?

పాలిటెక్నిక్_కాకినాడ:

ఒక సందేహం సర్. నేను విద్యార్థిని, ఫ్యూజన్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నాను. అక్కడ హోల్ కమాండ్‌లో ‘ఎట్ పాయింట్’ అని ఒకటి, ‘ఫ్రమ్ స్కెచ్’ అని ఒకటి ఉన్నాయి. రెండోదానితో స్కెచ్‌లోని పాయింట్లను ఎంచుకుంటే అన్ని రంధ్రాలూ ఒకేసారి వచ్చాయి. స్కెచ్ ఎక్స్‌ట్రూడ్ తర్వాత దాక్కుంది, పక్కనున్న కన్ను గుర్తు నొక్కితే కనబడింది. షేర్ చేయాల్సిన పని లేదు.

నా సందేహం ఏమిటంటే, తర్వాత అదే స్కెచ్‌లో ఇంకొక పాయింటు పెట్టాను. రంధ్రం రాలేదు. పాత పాయింటును జరిపితే మాత్రం రంధ్రం జరిగింది. ఎందుకలా?

సెంటర్‌పంచ్:

మీరు హోల్ కమాండ్‌కు ఇచ్చింది స్కెచ్‌ను కాదు, అందులో ఎంచుకున్న పాయింట్లను. ఆ పాయింట్లు ఎటు కదిలితే రంధ్రాలు అటు కదులుతాయి. కొత్తగా చేరిన పాయింటు ఆ జాబితాలో లేదు. టైమ్‌లైన్‌లో హోల్ ఫీచర్‌ను ఎడిట్ చేసి కొత్త పాయింటును కూడా ఎంచుకుంటే వస్తుంది. ఇన్వెంటర్‌లో కూడా అలాగే చేయాలి.

ఇందులోనుంచే ఇంకొక జాగ్రత్త. రంధ్రం చోటు మారాలంటే పాయింటును చెరిపి మరోచోట కొత్తది పెట్టకండి. కొత్త పాయింటు సరిగ్గా పాతదాని స్థానంలోనే ఉన్నా సాఫ్ట్‌వేర్ లెక్కలో అది వేరే పాయింటు. హోల్ ఫీచర్ పాతదాన్ని వెతుక్కుని, దొరకక ఎర్రజెండా చూపిస్తుంది. ఉన్నదాన్నే కొలత మార్చి జరపండి.

గోదావరి_డిజైన్:

నేను పుణెలో సాలిడ్‌వర్క్స్ మీద పని చేస్తాను, అక్కడ పద్ధతి వేరు. హోల్ విజార్డ్‌లో మొదటి ట్యాబ్‌లో రంధ్రం రకం, ‘పొజిషన్స్’ ట్యాబ్‌లో స్థానాలు. ఆ స్థానాల స్కెచ్‌లో ఎన్ని పాయింట్లు ఉంటే అన్ని రంధ్రాలు. తర్వాత పాయింటు చేరిస్తే రంధ్రం కూడా దానంతటదే చేరుతుంది. సుఖమే గానీ, ఏదో కొలత కోసం వేసుకున్న పాయింటు కూడా రంధ్రమైపోతుంది. సాయం కోసం గీసుకునేవి కన్‌స్ట్రక్షన్ గీతలుగా ఉంచండి, విడి పాయింట్లు వదిలేయకండి.

లేఅవుట్ స్కెచ్ ముందే ఉంటే నేను చేసే పని ఇది. పొజిషన్స్ స్కెచ్‌లో పాయింట్లు వేసి ఒక్కొక్కదాన్ని లేఅవుట్ పాయింటుతో ‘కోఇన్సిడెంట్’ చేస్తాను, కొలతలు ఇవ్వను. పాయింట్లు మరీ ఎక్కువైతే ఒక్క రంధ్రం చేసి, ‘స్కెచ్ డ్రివెన్ ప్యాటర్న్’కు ఆ లేఅవుట్ స్కెచ్‌ను ఇస్తాను. ప్రతి పాయింటు మీదా ఆ రంధ్రం వచ్చేస్తుంది. ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ స్కెచ్‌లో ఒకే రకం రంధ్రాల పాయింట్లు ఉండాలి. బేస్‌ప్లేట్ గారిలా మూడు రకాలు ఒకే స్కెచ్‌లో పెడితే ఈ దారి కుదరదు.

పైప్‌లైన్:

మీరందరూ పాయింట్ల వైపే మొగ్గుతున్నారు కాబట్టి అవతలి పక్షం నేను చెబుతాను. ఫ్లాంజి (పైపులను బోల్టులతో కలిపే గుండ్రటి అంచు) రంధ్రాలకు పాయింట్లు పెట్టకండి.

2 అంగుళాల 150 క్లాసు (పీడన శ్రేణి) ఫ్లాంజికి 120.7 మి.మీ. పీసీడీ (రంధ్రాల కేంద్రాలు పడే వృత్తం వ్యాసం) మీద 4 రంధ్రాలు. పైపు సైజు పెరిగితే 8, ఆపైన 12. రంధ్రాల సంఖ్యే మారిపోయే చోట స్కెచ్‌లో పాయింట్లు పెట్టుకుంటే ప్రతి సైజుకూ స్కెచ్ తిరగరాయాలి. ఒక్క పాయింటు పెట్టండి, ఒక్క రంధ్రం చేయండి, దాన్ని వృత్తాకార ప్యాటర్న్ చేయండి. సంఖ్యకు ఎన్ అని పారామీటర్ పేరు పెట్టండి.

ఆ మొదటి పాయింటు ఎక్కడ ఉండాలన్నదే అసలు విషయం. ఫ్లాంజి నిలువు, అడ్డ మధ్యరేఖల మీద రంధ్రం పడకూడదు. రంధ్రాలు ఆ రేఖలకు అటూ ఇటూ సమంగా ఉండాలి. కాబట్టి మొదటి పాయింటు కోణాన్ని 180 భాగించు ఎన్ అని సూత్రంగా రాయండి. 4 రంధ్రాలకు 45 డిగ్రీలు, 8కి 22.5 వస్తుంది. చాలామంది మొదటి రంధ్రాన్ని సున్నా డిగ్రీల దగ్గర పెట్టేస్తారు. కంప్యూటర్‌లో చక్కగానే కనిపిస్తుంది, సైట్‌లో ఎదుటి ఫ్లాంజితో మాత్రం కలవదు.

సెంటర్‌పంచ్:

మీతో నాకు తగాదా లేదు. స్థానాల్లో ఒక క్రమం ఉండి, సంఖ్య మారే వీలుంటే ప్యాటర్నే సరి. ఫిక్స్చర్ ప్లేటులో ఒక్కో క్లాంపు ఒక్కో చోట ఉంటుంది, అది పనిముక్క ఆకారాన్ని బట్టి వస్తుంది. అక్కడ పాయింట్లే సరి. మీ ఫ్లాంజిలో కూడా ఆ మొదటి రంధ్రం స్కెచ్ పాయింటు మీదే కదా నిలబడింది!

ఉచిత_క్యాడ్:

ఫ్రీక్యాడ్ వాడేవారు కూడా ఈ చర్చ చదువుతారు కాబట్టి నా వంతు రాస్తున్నాను. చిన్న వర్క్‌షాపులకు లైసెన్సు ఖర్చు లేని మార్గం ఇది. ఇందులో పాయింట్ల దగ్గరే చాలామంది తట్టుకుంటారు.

పార్ట్ డిజైన్‌లోని హోల్ టూల్ 1.0 వెర్షన్ వరకు వృత్తాల, చాపాల కేంద్రాలను మాత్రమే చూస్తుంది. స్కెచ్‌లో విడి పాయింట్లు ఎన్ని పెట్టినా పట్టించుకోదు. కాబట్టి ప్రతి స్థానంలో ఒక చిన్న వృత్తం గీయాలి. ఆ వృత్తం వ్యాసం ఎంతైనా పర్వాలేదు, రంధ్రం సైజు హోల్ టూల్‌లో ఇచ్చిందే వస్తుంది. నేను అన్నింటికీ ‘ఈక్వల్’ నియమం పెట్టి ఒక్కదానికే వ్యాసం ఇస్తాను. లేకపోతే స్కెచ్ పూర్తిగా బిగుసుకోదు. 1.1 వెర్షన్‌లో పాయింట్లను కూడా తీసుకునే ఎంపిక వచ్చింది.

కన్‌స్ట్రక్షన్‌గా మార్చిన వృత్తానికి రంధ్రం రాదు. ఇది నాకు బాగా ఉపయోగపడుతుంది. ఈ ఆర్డరులో ఫలానా రంధ్రం వద్దు అంటే ఆ వృత్తాన్ని కన్‌స్ట్రక్షన్ చేసేస్తాను, కొలతలు అలాగే ఉంటాయి. వచ్చే ఆర్డరుకు మళ్లీ మామూలు చేస్తాను.

ఇంకొకటి, రంధ్రాల స్కెచ్‌ను ప్లేటు ముఖానికి అంటించకుండా మూల తలాలకు అంటించండి. ముఖాల, అంచుల పేర్లు మారిపోయి స్కెచ్ ఎగిరిపోయే పాత సమస్య 1.0లో చాలావరకు తగ్గింది. అయినా అంచు మీద ఆధారపడని స్కెచ్ ఏ వెర్షన్‌లోనైనా నిలుస్తుంది.

టూల్‌రూమ్_చర్లపల్లి:

మాకు కస్టమర్ల నుంచి రంధ్రాల స్థానాలు ఎక్సెల్ పట్టికగా వస్తాయి. ఒక్కోసారి వందకు పైనే ఉంటాయి. ఇన్వెంటర్‌లో స్కెచ్ తెరిచి ‘ఇంపోర్ట్ పాయింట్స్’ నొక్కితే ఆ పట్టిక మొత్తం పాయింట్లుగా వస్తుంది. మొదటి గడిలో మి.మీ. అని ప్రమాణం రాయాలి, ఆ కింద ఎ నిలువు వరుసలో ఎక్స్, బి నిలువు వరుసలో వై. పట్టిక మొదటి షీట్‌లోనే ఉండాలి.

వచ్చిన పాయింట్లకు కొలతలు ఉండవు, ఎక్సెల్‌తో బంధమూ ఉండదు. ఫైలు మారితే మళ్లీ ఇంపోర్ట్ చేయాల్సిందే. అందుకని రాగానే అన్నింటికీ ‘ఫిక్స్’ పెట్టండి. లేకపోతే మౌసు తగిలి ఒకటి పక్కకు జరిగినా ఎవరూ గమనించరు.

డీఎక్స్ఎఫ్ అనే డ్రాయింగ్ ఫైలు వస్తే ఇంకొక తంటా. అందులో ఒకే చోట ఒకదానిపై ఒకటి రెండు వృత్తాలు ఉండటం మామూలే. కంటికి ఒకటే కనిపిస్తుంది. హోల్ చేసిన తర్వాత ఫీచర్‌లో వచ్చిన సంఖ్యను కస్టమర్ పట్టికతో పోల్చి చూడకుండా ముందుకు వెళ్లకండి.

బేస్‌ప్లేట్:

ఎక్స్‌ట్రూజన్ కిందికి తిప్పాను. ఇప్పుడు మూడు హోల్ ఫీచర్లు, వాటికి ‘క్లాంప్ ఎం8’, ‘డోవెల్ 8 హెచ్7’, ‘టేబుల్ ఎం10’ అని పేర్లు పెట్టాను. మూడూ ఒకే స్కెచ్ నుంచి పాయింట్లు తీసుకుంటున్నాయి. కౌంటర్‌బోర్ పైనే వచ్చింది.

ఒక్క సందేహం మిగిలింది. స్కెచ్‌లో కొలతలు ఒకదాని నుంచి ఒకటి గొలుసులా ఇచ్చాను. ఎడమ అంచు నుంచి మొదటి పాయింటు, దాని నుంచి రెండోది, అలా. మార్చాలా?

సెంటర్‌పంచ్:

మార్చండి. మోడల్‌లో గొలుసు కొలతల వల్ల లెక్క తప్పదు. కానీ మధ్యలో ఒకటి మారిస్తే దాని తర్వాతవన్నీ జరుగుతాయి, మీరు జరపాలనుకోనివి కూడా. ఇక అవే కొలతలు డ్రాయింగ్‌లోకి వెళ్తే టాలరెన్స్ (కొలతలో అనుమతించే తేడా) పోగవుతుంది. ±0.1 చొప్పున ఐదు కొలతల గొలుసు చివర ±0.5 అవుతుంది. అన్నీ ఒకే మూలం నుంచి ఇవ్వండి. రెండు రంధ్రాల మధ్య దూరమే ముఖ్యమైన చోట, అంటే ఒకే క్లాంపును పట్టే జత ఎం8ల మధ్య, ఆ ఒక్క కొలతను మాత్రం నేరుగా ఇవ్వండి.

వీఎంసీ_విశాఖ:

డోవెల్ పాయింట్లు ఎక్కడున్నాయో చెప్పండి బేస్‌ప్లేట్ గారూ.

బేస్‌ప్లేట్:

ఎడమ కింది మూల నుంచి 20, 100 ఒకటి. 300, 100 ఇంకొకటి. వాటి మీద లొకేటర్ ప్లేటు కూర్చుంటుంది.

వీఎంసీ_విశాఖ:

అనుమానించినట్టే ఉంది. రెండూ ప్లేటు మధ్యకు సరిసమానంగా ఉన్నాయి. లొకేటర్ ప్లేటును 180 డిగ్రీలు తిప్పి పెట్టినా చక్కగా కూర్చుంటుంది. రాత్రి షిఫ్టులో ఎవరో ఒకరు అలా పెడతారు. రెండోదాన్ని 300, 90కి జరపండి. అప్పుడు తిప్పి పెడితే పిన్నులు దిగినా ప్లేటు పక్కకు జరిగి కూర్చుంటుంది, తప్పు కంటికి తెలిసిపోతుంది. లొకేటర్ ప్లేటులో కూడా అదే మార్పు చేయాలి, మరిచిపోకండి.

బేస్‌ప్లేట్:

స్కెచ్‌లో ఆ ఒక్క కొలత 100 నుంచి 90కి మార్చాను. హోల్ ఫీచర్‌ను ముట్టుకోలేదు, రంధ్రం జరిగింది, డ్రాయింగ్‌లో హోల్ టేబుల్ కూడా మారింది. లొకేటర్ ప్లేటు వేరే ఫైలు కాబట్టి అక్కడ విడిగా మార్చాను. రెండు డోవెల్‌ల మధ్య దూరం ఇప్పుడు 280.18 చూపిస్తోంది. డ్రాయింగ్‌లో దానికే టాలరెన్స్ ఇవ్వాలా?

వీఎంసీ_విశాఖ:

ఆ 280.18 రాయకండి. నేను మెషిన్ మీద కదిపేది ఎక్స్, వైలే. మొదటి డోవెల్‌ను మూలంగా పట్టుకుని, రెండోదానికి ఎక్స్ 280, వై మైనస్ 10 అని ఇచ్చి, రెండింటికీ ±0.02 పెట్టండి. లొకేటర్ ప్లేటు డ్రాయింగ్‌లో కూడా సరిగ్గా అలాగే ఇవ్వండి. వీలైతే రెండు ప్లేట్ల డోవెల్ రంధ్రాలూ ఒకే మెషిన్ మీద వేయించండి.